కాగితాల ఊరిలో నా పట్టా

జపాను వెళ్ళివచ్చినవారు చాలామంది అక్కడి రైళ్ళ వేగం గురించీ, పూల చెట్ల గురించీ రాశారు. నేను చూసి వచ్చింది ఒక్క చిన్న ఊరు మాత్రమే. ఆ ఊరికి రైలు లేదు. మేము వెళ్ళిన ఫిబ్రవరిలో పూలూ లేవు. రెండు కొండల నడుమ ఒక ఏరు, ఏటి ఒడ్డున చేత్తో కాగితం తయారుచేసే నాలుగైదు ఇళ్ళు, రెండు గంటలకొకసారి వచ్చే బస్సు, అంతే. ఊరి పేరుకు నోరు తిరగక మా అమ్మ దానికి ‘కాగితాల ఊరు’ అని పేరు పెట్టింది. నేనూ అదే పేరు వాడతాను.

హౌగాంగ్: అరువు కోట్లు

నేను సింగపూరులో హౌగాంగ్ అనే పేటలో ఉంటూ, ఒక నౌకా పరికరాల సంస్థలో పత్రాలు తనిఖీ చేసే ఉద్యోగం చేస్తున్నాను. ఇనుప రేకులతో పాటు వచ్చే నాణ్యతా పత్రాలలో ముద్ర, సంతకం, అంకెలు సరిగా ఉన్నాయా లేదా చూడటం నా పని. మా ఇంట్లో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటిదాన్ని. అమ్మ కోనసీమలో పూతరేకులు వేస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరి కమ్మల మంట పెట్టి, బియ్యపు జావలో ముంచిన గుడ్డను కుండ మీదుగా ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. నా చదువు ఫీజులన్నీ ఆ కుండ మీద నుంచి వచ్చినవే.

జనవరి చివర అమ్మ నా దగ్గరికి వచ్చింది. సెంతోసా దీవికి వెళ్దామంటే కాళ్ళు నొప్పులంది. పడవ ఎక్కుదామంటే గోదావరిలో ఎక్కాను కదా అంది. ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో కూరగాయలు కొని వస్తూ, బస్సులో ఊసుపోక ఈ కాగితాల ఊరి గురించి చెప్పాను. అమ్మ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

“కాగితం గురించి బాగా తెలిసినోళ్ళుంటారా అక్కడ?”

“తరతరాలుగా అదే పని అమ్మా.”

“అయితే ఎల్దాం.”

అంత త్వరగా ఆవిడ దేనికీ ఒప్పుకోగా నేను చూడలేదు. కారణం అడగకుండా టిక్కెట్లు కొన్నాను.

మా ఎదురింటి చైనీస్ ఆంటీ రెండు దూది కోట్లు తెచ్చిచ్చింది. అమ్మకు తొడిగి, గుండీలు తనే పెట్టి, “అయ్యో, లైక్ డంప్లింగ్ లా!” అని, ఉబ్బిన కుడుములా ఉందని నవ్వింది. అమ్మకు అర్థం కాకపోయినా, “మీరు కూడా రండి వదినగారూ” అని తెలుగులో పిలిచింది. ఆంటీ చైనీసులో ఏదో జవాబిచ్చింది. ఇద్దరూ సంతృప్తిగా విడిపోయారు.

మొదటి రోజు: బస్సు షెల్టరు

విమానం దిగి, రైలు మారి, చివరి స్టేషను నుంచి బస్సెక్కాం; దారిలో ఒకచోట ఇంకో బస్సు మారాలి. టిక్కెట్టు ఆరువందల ఇరవై యెన్లు. అమ్మ రూపాయల్లోకి మార్చి చెప్పమంది. చెప్పాక, “ఆ డబ్బుతో రాజమండ్రి ఎల్లి రావచ్చు” అని కిటికీ వైపు తిరిగింది. దారి పొడవునా ఆకులు రాలిన చెట్లు, పొలాల మీద పల్చని మంచు. మంచును మొదటిసారి చూసిన అమ్మ, “ఎవరో పిండి పారబోసినట్టుంది” అంది.

కాగితాల ఊరిలో దిగి, మేము దిగవలసిన ఇంటికి పది నిమిషాలు నడిచాం. గడపలో బూట్లు విప్పుతుండగా అమ్మ ఒక్కసారిగా కేక వేసింది.

“నా సంచే!”

బస్సు మారే చోట, చెక్క షెల్టరులో బెంచీ మీద మరిచిపోయింది. అందులో పూతరేకుల డబ్బా, ఒక శాలువా ఉన్నాయని నాకు తెలుసు.

“డబ్బా కదమ్మా, పోతే పోయింది. నా దగ్గర ఇంకోటుంది.”

“డబ్బా కాదే… నువ్వు పద. ఇప్పుడే ఎల్దాం.”

చివరి బస్సు వెళ్ళిపోయింది. ఇంటి యజమానురాలు డెబ్బై ఏళ్ళ పొట్టి మనిషి. నా ఫోను తెర మీద అనువాదం చదివి, ఎవరికో ఫోను చేసింది. బస్సు డ్రైవరు రేపు ఉదయం తీసుకొస్తాడని చెప్పింది. ఎవరూ ముట్టుకోరని మూడుసార్లు చెప్పింది. అమ్మ మూడుసార్లూ “ఆయ్” అంది. ఆ భాషలో అవుననడం కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది కాబట్టి వాళ్ళిద్దరికీ ఆ రాత్రి నా సాయం పెద్దగా అవసరం కాలేదు.

భోజనానికి పొట్టి బల్ల ముందు కూర్చున్నాం. బల్ల కింద చిన్న విద్యుత్ పొయ్యి, చుట్టూ బొంత. కాళ్ళు అందులో పెట్టుకుని తినాలి. అన్నం, పులిసిన సోయా ముద్దతో కాచిన చారు, ఉప్పులో ఊరిన ఎర్రటి పుల్లని కాయ ఒకటి. ఆ కాయను అక్కడివాళ్ళు కొంచెం కొంచెంగా కొరుక్కుంటారు. అమ్మ మామూలుగానైతే దాన్ని ఆవకాయలా అన్నంలో కలిపేసేది. ఆ పూట రెండు ముద్దలు తిని చేయి కడుక్కుంది. ఒక డబ్బా మిఠాయి కోసం ఇంత దిగులేమిటని నేను విసుక్కున్నాను.

రెండో రోజు: రేకును విప్పిన మనిషి

ఉదయం ఎనిమిదింటికి డ్రైవరు తనే ఇంటిదాకా నడిచివచ్చి, రెండు చేతులతో సంచి అందించి, వంగి నమస్కరించాడు. అమ్మ ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయన ఎర్రబడి, బస్సుకు వేళయిందన్నట్టు గడియారం చూపించి పరుగెత్తాడు.

కాగితం చేసే ఇల్లు ఏటి పక్కనే ఉంది. పెద్దాయన పేరు ఒకుమురా; ఎనభైకి దగ్గరగా ఉంటారు. ఆయన దగ్గర పదకొండేళ్ళుగా పని నేర్చుకుంటున్న యుకారి గారికి నలభై దాటాయి. అంతకు ముందు ఆమె నగరంలో ఒక సంగ్రహశాలలో పాత పత్రాలు బాగుచేసేవారట. ఇంగ్లీషు వచ్చు. వాళ్ళ మాటలు నాకు ఆమె ద్వారా, నా ద్వారా అమ్మకు చేరాయి.

అక్కడ చెట్టు బెరడును ఉడికించి, కడిగి, నలగ్గొట్టి, చల్లని నీళ్ళ తొట్టిలో కలుపుతారు. అందులో ఒక మొక్క వేరు నుంచి తీసిన జిగురు పోస్తారు. అమ్మ ఆ జిగురును వేళ్ళ మధ్య సాగదీసి చూసింది.

“బెండకాయ కోసినప్పుడు వచ్చేదే కదే ఇది!”

అది నిజంగానే బెండ జాతి మొక్క అని యుకారి గారు చెప్పారు. ఒకుమురా గారు తలెత్తి అమ్మను మొదటిసారి శ్రద్ధగా చూశారు. అప్పటినుంచి అమ్మకు ఆయన ‘మేస్త్రిగారు’.

టీ వేళకు అమ్మ పూతరేకుల డబ్బా తెరిచింది. ఒకుమురా గారు ఒకటి తీసుకుని, దాని చుట్టూ ఉన్న పొరను గోటితో నెమ్మదిగా విప్పారు. మరొక పొర విప్పారు. ముక్కలు కాకుండా విప్పగలిగినంత మేర బల్ల మీద పరిచి, లోపలి బెల్లం పొడిని నోట్లో వేసుకుని, చాలా బాగుందన్నట్టు తల ఊపారు. తర్వాత పొరను వెలుతురుకు ఎత్తిపట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూశారు.

“ఏ చెట్టు బెరడు అని అడుగుతున్నారు” అన్నారు యుకారి గారు.

నేను అమ్మకు చెప్పేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. “అయ్యో మేస్త్రిగారూ, కవరనుకున్నారా! తినెయ్యండి, తినెయ్యండి, అది బియ్యమండీ!”

విషయం తెలిసి ఆయన కూడా నవ్వారు కాని పొరను తినలేదు. ఇంత పల్చగా ఎలా తీస్తారో చేత్తో చూపించమన్నారు. అమ్మ తన కోటు విప్పి, బోర్లించిన నీళ్ళ బకెట్టునే కుండగా చేసుకుని, తువ్వాలుతో లాగి చూపించింది. ఆయన అమ్మ ముఖాన్ని కాదు, మణికట్టును చూస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా నేను చూస్తున్న పనే. అలా చూడవచ్చని నాకు తోచలేదు.

ఎండబెట్టే చెక్క పలకల మీద నాలుగు కాగితాలు విడిగా ఉన్నాయి. మూలన పెన్సిలుతో పేర్లు. ఆ ఊరి బడిలో చివరి తరగతి పిల్లలు తమకు బడి ఇచ్చే పట్టాకు కావలసిన కాగితాన్ని తామే చేసుకుంటారట. ఈ ఏడాది నలుగురే ఉన్నారు. ఒక కాగితం ఒక పక్క మందంగా ఉంది. మళ్ళీ చేయించరా అని అడిగాను.

“ఎందుకు? ఆ పిల్ల చేతికి అంతే వచ్చింది. దాని మీదే పేరు అచ్చువేస్తారు” అన్నారు ఒకుమురా గారు.

అమ్మ నా మోచేయి గోకింది. “వాటికి ప్లాస్టిక్ ఏస్తారా అనడుగు.”

నేను అడిగాను. ప్లాస్టిక్ మాట మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు.

ఒకుమురా గారు లోపలికి వెళ్ళి, ఒక వెదురు గొట్టం తెచ్చి, అందులోంచి తన చిన్ననాటి బడి పట్టా తీశారు. ఆయన చేతులతో ఆయన చేసుకున్న కాగితం. పాలమీగడ రంగుకు తిరిగింది కాని గుడ్డలా మెత్తగా ఉంది. అమ్మను ముట్టుకోమన్నారు. అమ్మ చీర చెంగుతో చేయి రెండుసార్లు తుడుచుకుని, వేలి కొనతో ముట్టుకుంది.

ఆ తర్వాత ఆవిడ సంచిలోంచి శాలువా తీసింది. శాలువా మడతల్లోంచి నా డిగ్రీ పట్టా తీసి బల్ల మీద పెట్టింది.

“అడగవే. ఆ ప్లాస్టిక్ తియ్యగలరేమో అడుగు.”

అదే రోజు: తొమ్మిదేళ్ళ కిందటి మాట

పాఠకులకు ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. నాకు పట్టా వచ్చిన వారమే అమ్మ దాన్ని తీసుకెళ్ళి జెరాక్సు కొట్టులో లామినేషన్ చేయించింది. మన వైపు చాలా ఇళ్ళలో చేసే పనే. వానకు తడవకూడదు, చెద పట్టకూడదు. ఆ తర్వాత నాకు విదేశంలో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు పట్టాకు ప్రభుత్వ ముద్ర కావలసి వచ్చింది. ప్లాస్టిక్ మీద ముద్ర వేయము అన్నారు. ఆ ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రం నేను అమ్మతో అన్న మాట ఇది: “చదువుకున్నవాళ్ళ ఇంట్లో పుట్టి ఉంటే నాకిలా జరిగేది కాదు.”

అమ్మ పట్టాను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. తర్వాత తాత్కాలిక పత్రాలతో నెట్టుకొచ్చి సింగపూరు చేరాను. కొత్త పట్టాకు దరఖాస్తు చేయాలంటే పాతది విశ్వవిద్యాలయానికి తిరిగి ఇచ్చేయాలి. అడిగిన ప్రతిసారీ, “ఉండనీ, చూద్దాం” అనేది అమ్మ. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు చూస్తే ఒక మూల నుంచి తేమ చేరి, గోధుమరంగు మరక నా పేరు దాకా పాకి ఉంది.

యుకారి గారు పట్టాను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి రెండు వైపులా చూశారు. అక్షరాలు లేని మూలలో మాత్రం ప్రయత్నించి చూస్తానన్నారు. రేపు రమ్మన్నారు.

ఇంటికి వెళ్ళే దారిలో అమ్మ గడ్డకట్టిన నీటిగుంటలను తప్పించుకుంటూ నా ముందు నడిచింది. ఆ రాత్రి పుల్లకాయను అన్నంలో కలుపుకుని తింది. యజమానురాలు విస్తుపోయి చూసి, మరో రెండు కాయలు వేసింది.

మూడో రోజు: ఒక మూల

యుకారి గారు సన్నని ఇనుప బద్దను వేడిచేసి, ప్లాస్టిక్ పొర అంచులోకి వెంట్రుకవాసి చొప్పున జరిపారు. రెండు గంటలు పట్టింది. అమ్మ పక్కన నిలబడి ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తోంది. బొటనవేలి గోరంత మేర పొర లేచింది. దాని అడుగున కాగితం పైపొర నూగులా అతుక్కుని వచ్చింది.

ఆమె బద్ద కింద పెట్టేశారు. “ఇక్కడితో ఆపాలి. ముందుకు వెళ్తే ఇది అక్షరాలతో సహా వస్తుంది.”

నేను అమ్మకు చెప్పాను.

“ఇంకో మూల చూడమను.”

అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

అమ్మ పట్టా వైపు చూస్తూనే ఉంది. “నావల్లే పాడైందని చెప్పు. తెలీక చేశానని చెప్పు.”

నేను ఆ మాట ఇంగ్లీషులోకి మార్చలేకపోయాను. అమ్మ ముఖం చూసి యుకారి గారే అన్నారు. “సంగ్రహశాలలో నా దగ్గరికి వచ్చినవన్నీ ఇలాంటివే. జిగురు టేపు వేసినవి, అద్దానికి అతికించినవి. ఎవరూ పట్టించుకోని కాగితాలు పెట్టె అడుగున బాగానే ఉంటాయి. బాగా జాగ్రత్త చేసినవే మా దగ్గరికి వస్తాయి.”

దాన్ని మాత్రం పూర్తిగా, ఒక్క మాట వదలకుండా అమ్మకు చెప్పాను. ఆవిడ విని, కోటు గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకుంది.

ఒకుమురా గారు తొట్టి దగ్గర నుంచి అమ్మను చేత్తో పిలిచారు. సన్నని వెదురు పుల్లల తెర బిగించిన చట్రం ఆమె చేతికిచ్చి, వెనక నిలబడి, ముంచి ఎత్తడం చూపించారు. నీళ్ళు సూదుల్లా ఉన్నాయి. “అబ్బో, చేతులు పోయాయే!” అంటూనే అమ్మ చట్రం వదల్లేదు. మొదటి రెండు కాగితాలు ముద్దయ్యాయి. మూడోసారి ఆయన చెప్పినట్టు కాక, తన కుండ మీద లాగినట్టు ఒక్క ఊపులో నీటిని తెర మీదుగా పంపింది. అది పల్చగా, మధ్యలో రూపాయంత చిల్లుతో వచ్చింది.

నేను ఊరడించబోయాను. ఒకుమురా గారు నన్ను ఆగమని, తడి కాగితాన్ని పలక మీదికి దించి, చిల్లు పక్కన వేలు పెట్టి ఏదో అన్నారు.

“పట్టాకు పనికిరాదట” అన్నారు యుకారి గారు నవ్వుతూ. “మరీ పల్చన. కాని పాత పత్రాలకు వెనక అతికించడానికి మాకు ఇలా పల్చనిదే కావాలి. అలా తీయడం ఎవరి చేతికైనా అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. ఈవిడ ఇక్కడే ఉంటారా అని అడుగుతున్నారు.”

“ఉండనని చెప్పు” అంది అమ్మ, ఎర్రబడిన చేతులు చంకల్లో పెట్టుకుని. “ఇంత చలిలో రేకులు అంటుకోవు.”

కాగితం ఆరాక మడత పడకుండా చుట్టి ఇచ్చారు. ఎంత ఇవ్వాలని అడిగాను. ఒకుమురా గారు ఖాళీ పూతరేకుల డబ్బాను చూపించారు. ఆయన విప్పిన రేకు పొర మాత్రం అప్పటికే కిటికీ దగ్గర ఒక చిన్న పలక మీద, ఆయన సొంత కాగితాల వరసలో ఆరుతోంది.

నాలుగో రోజు: తిరుగు బస్సు

మొదటిరోజు సంచి మరిచిన అదే చెక్క షెల్టరు. బస్సుకు ఇరవై నిమిషాలుంది. ఇంటి యజమానురాలు ఇచ్చిన ఎండు పండ్లు తింటున్నాం. జపాను వాళ్ళు శీతకాలంలో ఆ పండ్ల తొక్కు తీసి తాడుకు వేలాడదీస్తారు. రుచి మామిడి తాండ్రకు దగ్గర. సంచి ఈసారి అమ్మ ఒళ్ళోనే ఉంది.

“అమ్మా, ఆ రోజు నేనొక మాటన్నాను.”

“ఏ రోజు?”

“నీకు తెలుసు.”

అమ్మ పండు గింజను కాగితంలో చుట్టింది. “జెరాక్సు కొట్టువాడు నలభై రూపాయలన్నాడు. దళసరిది లేదా అన్నాను. ఉంది, అరవై అన్నాడు. అరవైదే ఏయించాను.”

“తప్పుగా అన్నాను అమ్మా. అలా అని ఉండకూడదు.”

“నీ ఉద్యోగం పోయింది కదే. అంటావు మరి.” గింజ పొట్లాన్ని సంచిలో వేసి, “ఇన్నాళ్ళకన్నావు” అంది. నా మెడ చుట్టూ ఉన్ని గుడ్డ సరిగా లేదని తన వైపు తిప్పుకుని, గట్టిగా కట్టింది. బస్సు వచ్చింది. డ్రైవరు అమ్మను గుర్తుపట్టి, సంచి ఉందా అన్నట్టు సైగ చేశాడు. అమ్మ సంచి ఎత్తి చూపించింది.

మళ్ళీ హౌగాంగ్

వచ్చిన మర్నాడు ఎదురింటి ఆంటీకి కోట్లు ఉతికి ఇచ్చి, ఎండు పండ్లు ఇచ్చాం. సింగపూరు ఉక్కపోతలో ఆ చలి అప్పుడే ఎవరో చెప్పిన సంగతిలా అనిపించింది.

రెండు రోజుల తర్వాత, నేను అడగకుండానే, అమ్మ పట్టా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దాన్ని తను చేసిన చిల్లు కాగితంలో చుట్టింది. “ఇచ్చెయ్యి యూనివర్సిటీ వాళ్ళకి. కొత్తది తెప్పించుకో. ఈ కాగితం మాత్రం వెనక్కి పంపమను, అది నాది” అంది. పంపరని చెప్పాను. అయితే చుట్టొద్దు అని కాగితం తీసేసుకుంది. కొత్త పట్టా వచ్చాక దాన్ని ఈ కాగితంలో చుట్టి పెడుతుందట.

దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. పేరు, సంవత్సరం, హాల్ టికెట్టు సంఖ్య. చివర ఒక గడి మిగిలింది: ‘అసలు పట్టా పాడైన కారణం’. ఉద్యోగంలో రోజూ ఇలాంటి గడులు చూస్తాను. తుప్పు, తడి, రవాణాలో దెబ్బ. మొదట ‘అవగాహన లేక లామినేషన్ చేయించడం వల్ల’ అని రాశాను. రాసినది ఒకసారి చదువుకుని, ఆ పత్రం చింపి, ఇంకొకటి అచ్చు తీసుకుని, మొదటి నుంచి నింపాను.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. “ఏటి రాశావే అక్కడ?”

చదివి వినిపించాను. “చాలా జాగ్రత్తగా దాచడం వల్ల.”

గరిటె చప్పుడు ఆగింది. “అలా రాస్తే ఇస్తారంటావా?”

“ఇవ్వకపోతే మళ్ళీ ఇదే రాసి పంపుతాను” అని సంతకం పెట్టాను.